పడవ ముసలమ్మ కోసం మూడు పేజీలు

నాకు యాభై నాలుగేళ్లు. బోయిగూడలో పెయింట్ల దుకాణం ఉంది, దాని పైనే ఇల్లు ఉంది, షుగర్ ఉంది, మోకాలి నొప్పి ఉంది. ఇన్ని ఉన్నవాడు ఒక వీడియో గేమ్ కంపెనీకి ఉత్తరం రాశాడంటే ఎవరైనా నవ్వుతారు. అదీ మూడు పేజీల ఉత్తరం. పాత ఆటకు కొత్త ప్రాంతం, కొత్త కథ కలిపి తర్వాత విడుదల చేసే భాగాన్ని ఎక్స్‌పాన్షన్ అంటారు. అందులో మీకేం కావాలో రాయండి అని వాళ్లు ఆడేవాళ్లందరినీ అడిగారు. పెళ్లి భోజనాల్లో ఇంకేం కావాలి అని మర్యాదకు అడిగినవాణ్ని నిలబెట్టి లిస్టు చదివే బంధువు ఒకడుంటాడు చూడండి, నేను ఆ రకం.

ఆట మా ఇంట్లోకి వచ్చింది మా అమ్మాయి వల్ల. పెళ్లయి ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటోంది. తను కొత్త గేమ్ మిషన్ కొనుక్కుని, పాతది తెచ్చి మా టీవీకి తగిలించి, "ఊకె పండుకునే బదులు ఆడు డాడీ" అని వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు దుకాణం షట్టర్ దించి నాలుగింటికి ఎత్తుతాను. అదివరకు ఆ రెండున్నర గంటలూ గుర్రు పెట్టేవాణ్ని. ఇప్పుడు అన్నం తిని కడుక్కున్న చెయ్యి ఆరకముందే గుర్రం ఎక్కుతున్నాను.

అదొక పెద్ద రాజ్యం. కొండలు, అడవులు, రేవులు, ఊళ్లు. ఎటైనా పోవచ్చు, ముందు ఇది చెయ్యి తర్వాత అది చెయ్యి అనేవాడు ఉండడు. ముప్ఫై ఏళ్లుగా ఒకే కౌంటర్ వెనక నిలబడినవాడికి అది ఎంత మత్తో చెప్పలేను. సాయంత్రం వేళ ఆ కొండల రంగు చూసి, మన షేడ్ కార్డులో ఇది ఏ నంబరు అని ఆలోచించేవాణ్ని. ఒకసారి ఆలోచిస్తూ గుర్రంతో సహా లోయలో పడ్డాను.

నా భార్య మొదటి వారం "గీ వయసుల గిదేం పిచ్చి" అంది. రెండో వారం చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వచ్చి కూర్చుంది. మూడో వారానికి నాకంటే ముందే సోఫాలో ఉండేది. మొదట్లో నా కుడి పక్కన కూర్చునేది, తర్వాత ఎడమ పక్కకు మారింది. కూలర్ గాలి అటు బాగా తగులుతుంది కాబట్టి మారిందని నేను తేల్చేశాను. అడగలేదు.

నాకు రాజ్యం కావాలి, ఆమెకు మనుషులు కావాలి. ఆ ఆటలో ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఎదురొచ్చి తమ గోడు చెప్పుకుంటారు. గొంతు పరదేశీ ఇంగ్లీషులో వినిపిస్తుంది, అదే మాట తెర కింద చిన్న అక్షరాల్లో వస్తుంది. ఆమె డిగ్రీ దాకా చదివింది. ఇంగ్లీషు నిదానంగా చదివినా ఒక్క మాట వదలదు. ముందుకు వంగి, పెదాలు కదుపుతూ చదివేది. నేనేమో సగం మాటకే బటన్ నొక్కేవాణ్ని. నొక్కితే మాట తెగిపోయి తర్వాతి మాట వస్తుంది, ఇంకోసారి నొక్కితే అదీ పోతుంది. వాడి మేక తప్పిపోయిందా, అన్నను చంపేశారా నాకు అనవసరం. ఎటు పోవాలో మ్యాపులో గుర్తు పడితే చాలు.

ఇది ఆటలో నేర్చిన గుణం కాదు. దుకాణంలో కస్టమర్ "గోడకు తేమ..." అనేలోపు ప్రైమర్ డబ్బా కౌంటర్ మీద ఉంటుంది. మనిషి నోరు తెరవగానే ఏం కావాలో చెప్పేస్తానని నాకు పేరుందని నా నమ్మకం. ఒకసారి ఒకాయన "మా నాన్న కోసం ఒక రూము..." అనగానే లేత నీలం షేడ్ చూపించి, పెద్దవాళ్లకు కంటికి చల్లగా ఉంటుందని అయిదు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపికగా విని, "ఈ గల్లీల కిరాయికి రూము దొరుకుతదా అని అడగనీకి వచ్చిన అన్నా" అన్నాడు. దీన్ని కూడా నేను చాలా రోజులు నా చురుకుదనానికి ఉదాహరణగానే చెప్పుకున్నాను.

ఆ ఆటలో ఒక నది ఉంది, నది మీద పడవ నడిపే ఒక ముసలమ్మ ఉంది. దాటించినప్పుడల్లా ఏదో ఒక కథ చెప్పేది. నా భార్యకు ఆమె అంటే ఇష్టమని నాకు తెలుసు, ఎందుకంటే నది వస్తే చిక్కుడుకాయలు పక్కన పెట్టేది. ఒకరోజు ఆ ముసలమ్మ ఏదో పెద్ద విషయం మొదలుపెట్టింది. నేను అలవాటుగా టకటకా నొక్కేశాను. చివర్లో రెండు జవాబులు వచ్చాయి, మొదటిది నొక్కాను. ముసలమ్మ తెడ్డు కింద పెట్టి, ఒడ్డెక్కి, అడవిలోకి నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆ పడవను ఎవరో జమీందారుకు ఇప్పించేశానని తర్వాత తెలిసింది. ఆమె మళ్లీ రాలేదు. పాత చోటు నుంచి మళ్లీ ఆడదామంటే, ఆటను అక్కడక్కడ సేవ్ చేసి దాచుకోవాలని ఆట మొదట్లోనే చెప్పారట. అదీ నొక్కేశాను కదా.

నా భార్య లేచి నిలబడింది. "ఒక్క మాట సుత పూర్తిగ ఉండనియ్యరు కద" అని చిక్కుడుకాయల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వంటింట్లోకి వినబడేలా "ఇగో, కోట వచ్చింది, జెర రా" అని పిలిచాను. జవాబు లేదు. అలిగిందని అర్థమైంది. ముసలమ్మను వెళ్లగొట్టినందుకు ఇన్నాళ్ల అలకా అని మొదట నవ్వుకున్నాను. కానీ ఒంటరిగా ఆడుతుంటే ఆట చప్పగా అయిపోయింది. ఒక రాక్షసుణ్ని మూడు రోజులు కష్టపడి చంపి, పక్కకు తిరిగి చూస్తే కూలర్ తప్ప ఎవరూ లేరు. ఆమె లేకుండా నాకు రాజ్యం అక్కర్లేదని ఆ రోజు తెలిసింది. అది ఆమెతోనే చెప్పొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేను కంపెనీకి రాశాను.

రాసే ముందు నలుగురి సలహా తీసుకుందామని, మా అమ్మాయి ఫోన్‌లో చేర్పించిన ఆటగాళ్ల గ్రూపులో కూర్చున్నాను. అందరూ మా పిల్లల ఈడువాళ్లు, నన్ను అంకుల్ అంటారు. ఒకరికి సముద్రం అవతల దీవి కావాలి. ఒకరికి సొంత ఇల్లు, ఇంటి ముందు తోట కావాలి. ఇంకొకరు, నేల పెంచితే ఏం లాభం, ఉన్న నేలలో చెయ్యడానికి పనులివ్వండి అని గొడవకు దిగారు. మొదటి భాగంలో మనం చేసిన మంచిచెడ్డలు కొత్త భాగంలో మనుషులకు గుర్తుండాలని ఒకరు రాస్తే అందరూ భేష్ అన్నారు. నేనొక్కణ్నే వద్దన్నాను, నావి ఎవరికీ గుర్తుండకపోవడమే మంచిది. చివర్లో ఎవరో, అక్షరాలు కొంచెం పెద్దవి చెయ్యాలి, మేం నొక్కేదాకా మాట ఆగాలి అని రాశారు. "చదువుకోవాలంటే పేపర్ ఉంది కద తమ్ముడూ, గేమ్ ఎందుకు?" అని నేను జవాబిచ్చాను. పదిహేను నవ్వు బొమ్మలు వచ్చాయి. ఆ రోజంతా దుకాణంలో ఉషారుగా ఉన్నాను.

నా ఉత్తరంలో మొదటి పేజీ కొండల రంగుల గురించి, రెండోది గుర్రానికున్న తిక్క వదిలించడం గురించి. మూడో పేజీ అంతా ముసలమ్మే. ఆమెను వెనక్కి రప్పించండి, అడవికి పోలేదు, పక్క ఊళ్లో చెల్లెలి ఇంట్లో ఉందని చెప్పండి, కథ కావాలంటే నేనిస్తాను అని రాశాను. మా అమ్మాయి తప్పులు దిద్దుతూ, "హంబ్లీ రిక్వెస్ట్ అని ఇన్నిసార్లు ఎందుకు డాడీ?" అంది. ఎందుకో చెప్పలేదు. మీ అమ్మ నా పక్కన కూర్చోవాలని అని కూతురితో ఎలా చెప్పేది?

కొన్ని నెలలకు కొత్త భాగం వచ్చింది. ఆదివారం దుకాణం బంద్. మా అమ్మాయి వచ్చి దాన్ని ఎక్కించింది. నేను స్వయంగా వంటింట్లోకి వెళ్లి నా భార్యను పిలుచుకొచ్చాను. వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది. మంచు కొండల దేశం. ఈసారి ఒక్క మాట కూడా కొయ్యనని ఒట్టు పెట్టుకుని, కంట్రోలర్‌ను అందరికీ కనబడేలా ఒళ్లో పెట్టుకున్నాను. ఊరి గుమ్మంలో ఒక గొర్రెల కాపరి మాట్లాడటం మొదలుపెట్టాడు. అంతలో మా అమ్మాయికి ఫోన్ వచ్చింది. టీవీ గొంతు పూర్తిగా నొక్కేసి బాల్కనీలోకి వెళ్లింది. కాపరి నోరు ఆడుతోంది, చప్పుడు లేదు. నేను అమ్మాయి వచ్చేదాకా ఆగుదామని కూర్చున్నాను. పక్కన నా భార్య కిసుక్కున నవ్వింది.

"ఎందుకు నవ్వుతున్నవ్? సౌండే లేదు కద."

"లేదా?" అంది తెర మీంచి కళ్లు తియ్యకుండా. "నాకు ఎప్పుడు గింతే కద."

"గింతే అంటే?"

అప్పుడు నా వైపు తిరిగింది. "ఎడమ చెవి వినవడ్తలేదు. కుడిది సుత సగమే. ఉగాదికి ముందే చెప్పిన మీకు, రెండుసార్లు. ఊఁ అన్నరు. ఇగ మల్ల మల్ల చెప్పి పరేషాన్ చేసుడెందుకని ఊకున్న."

"మరి... పడవ ముసలమ్మ మీద కోపం?"

"ఏ ముసలమ్మ?" కాసేపు గుర్తు తెచ్చుకుంది. "గా బొమ్మ కోసం నాకేం కోపం? మీరు టకటక నొక్కుతుంటే ఒక్క ముక్క చదవరాకపాయె. చెవుల పడది, కండ్ల పడది, ఇగ కూసొని ఏం చేయాలె? లేచిపోయిన."

తల కొట్టేసినట్టయింది. ఎడమ పక్కకు ఎందుకు మారిందో అప్పుడు తెలిసింది, వంటింట్లోంచి జవాబు ఎందుకు రాలేదో తెలిసింది. నెలల తరబడి ఆమెకు నా గొంతు వినబడకపోతే, నేను దానికి అలక అని పేరు పెట్టి, పరాయి దేశంలో ఎవరికో మూడు పేజీలు దరఖాస్తు పెట్టుకున్నాను. బాల్కనీలోంచి వచ్చిన మా అమ్మాయి చివరి మాటలు విని, మా ముఖాలు చూసి, "మమ్మీ నీకు చెప్పిన అంటే, నువ్వు డాక్టర్ దగ్గరికి తీస్కపోయినవ్ అనుకున్న డాడీ" అంది.

ఆ వారంలోనే చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఎన్నాళ్ల నుంచి అని ఆయన ఆమెను అడిగాడు. "ఉగాది నుంచి సార్" అని నేను జవాబు చెప్పాను. ఆయన నన్ను చూడలేదు, ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. "రెండేండ్ల నుంచి" అంది నా భార్య. ఆమెను గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. చప్పుడు వినబడినప్పుడు చెయ్యి ఎత్తాలి. బయట నుంచి చూస్తున్నాను. చాలాసేపు చెయ్యి లేవలేదు. రెండేళ్లుగా ఆ చెయ్యి నా పక్కనే ఉంది, నేను చూసింది రాజ్యాలనే. చెవి మిషన్ పెట్టుకుంటే చాలా మేలు ఉంటుందన్నారు, కొలతలు తీసుకున్నారు, చేతికి రావడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు.

ఆ కొన్ని రోజులకు ఏం చెయ్యాలని మా అమ్మాయికి ఫోన్ చేస్తే, సెట్టింగ్స్‌లోకి పొమ్మంది. అక్షరాలు రెండింతలు చేసే చోటు అక్కడ ఉంది. మనం నొక్కేదాకా మాట ఆగే ఏర్పాటు కూడా అక్కడే ఉంది. మొదటి రోజు నుంచీ ఉన్నాయట. నేను ఎగతాళి చేసిన ఆ తమ్ముడికి గ్రూపులో క్షమాపణ చెప్పి, ఎక్కడుందో రాశాను. నవ్వు బొమ్మ ఒక్కటే వచ్చింది, అదీ అతనిదే.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం కూర్చున్నాం. మంచు ఊళ్లో ఒక సత్రం ఉంది. సత్రం నడిపే ఆమె, తన పెనిమిటి వేటకు పోయి తిరిగి రాలేదని, వెతికి పెట్టమని అడుగుతోంది. అక్షరాలు మా దుకాణం బోర్డంత ఉన్నాయి. నా బొటనవేలు దురద పెడుతోంది. వేలిని ఒళ్లో అదిమి పట్టి కూర్చున్నాను. నా భార్య పెదాలు కదుపుతూ చదివి, "అయింది, నొక్కుండ్రి" అంది. నొక్కాను. మళ్లీ చదివింది, మళ్లీ నొక్కమంది. మూడో మాటకు నొక్కమనలేదు.

"ఈమె అబద్ధం చెప్తుంది" అంది.

ఆ ఆటలో మనుషులు అబద్ధాలు చెప్తారని నాకు తెలియదు. అసలు ఏం చెప్తారో తెలిస్తే కదా. ఏ వైపు పోవాలో మ్యాపులో గుర్తు అప్పుడే పడింది, గుర్రం బయట నిలబడి ఉంది.

కంట్రోలర్ పక్కన పెట్టి ఆమె కుడి చెవి వైపు వంగి, "ఎట్ల తెలిసింది?" అని గట్టిగా అడిగాను.

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది, ఎగతాళి చేస్తున్నానేమోనని. చెయ్యడం లేదని నమ్మకం కుదిరాక చెప్పడం మొదలుపెట్టింది. సత్రం ఆమె మాటతో మొదలై, ఎప్పుడో బోయిగూడలో మా ఎదురింట్లో జరిగిన సంగతి మీదికి వెళ్లింది. ఆ సంగతి నాకు తెలుసనుకున్నాను, తెలియదు. నాలుగు దాటింది. కింద ఎవరో షట్టర్ మీద కొడుతున్నారు, ఆమెకు వినబడలేదు. నాకు వినబడింది, లేవలేదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమెను "ఎట్ల తెలిసింది?" అని నేను అడగడం అదే మొదటిసారి.