మలుపులో పగిలిన గుమ్మడికాయ

దారుల మీద తిరిగే అలవాటుకొద్దీ రోడ్ల గురించి దొరికిందల్లా చదువుతుంటాను. ప్రమాదాల మీద రాసిన పెద్దలు మలుపునూ, చెట్టు చాటునూ, వెలగని దీపాన్నీ తలుచుకుంటారు. పండగను మాత్రం ఎవరూ తలవలేదు. ఆయుధపూజ మర్నాడు బెంగళూరులో ఒక్కసారి బండి నడిపి ఉంటే తలిచేవారే.

మడివాళ మార్కెట్లో చౌడమ్మది కూరగాయల గంప. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పండగ రోజుల్లో బూడిద గుమ్మడికాయలు అమ్మేది. భర్త తిరుపాలు ఆటో తోలేవాడు. తొంభై ఎనిమిదిలో కొత్త ఆటోకు మొదటి పూజ చేశాడు. దిష్టి నలుదిక్కులా పోవాలని కాయకు చిల్లుపెట్టి, కుంకుమ నింపి, మలుపు నడిమధ్య పగలగొట్టాడు. బండికి ఏ ఆపదా రాకూడదనే కదా అదంతా! రాత్రి జల్లు పడింది. తెల్లారి పక్కింటి దర్జీ రియాజ్ మోపెడ్ ఆ గుజ్జు మీద జారింది. మోకాలు విరిగింది. మిషను తొక్కే కాలది.

ముక్కలు జారతాయని అందరికీ తెలుసు. కానీ ముట్టుకుంటే ఆ దిష్టి తమకు తగులుకుంటుందని ఎవరూ తీయరు. చౌడమ్మకూ ఆ భయం ఉంది. మరుసటేడు పూజనాటికి ఆమెకు ఆరో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అయినా మర్నాడు చీపురు, గంప పట్టుకుని మలుపు దగ్గరికి బయల్దేరింది. పగిలినవాటిలో సగం ఆమె అమ్మినవే. కడుపులో బిడ్డ సంగతి చూసుకోమని తిరుపాలు వెంటబడి బతిమాలాడు.

మలుపులో ఉన్న తన కుట్టు అంగడి మెట్టు మీంచి రియాజ్ కర్ర ఊతంతో దిగివచ్చాడు.

"అక్కా, చీపురు ఇట్లియ్యి. మీ దిష్టి మాకు తగలదులే."

"నిరుడు నిన్ను పడేసేటప్పుడు ఈ రోడ్డు నువ్వెవురని అడిగిందేమప్పా?" అంటూ ఆమె వంగబోయింది.

తిరుపాలు చీపురు లాక్కున్నాడు. "మొదటి కాయ కొట్టింది నేను. తగిలితే నాకే తగలనీ" అన్నాడు. మొదటి ముక్క ఎత్తేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రియాజ్ కర్ర అడ్డంపెట్టి బండ్లు ఆపాడు. తమిళంలో తిట్టిన లారీవాడికి తమిళంలోనే జవాబిచ్చాడు.

పుష్యమాసంలో ఆడపిల్ల పుట్టింది. ఆ తరువాతి ఏళ్లలో చౌడమ్మ కాయ ఇచ్చేముందు అడిగేది: "యాడ కొడ్తావప్పా?" రోడ్డు మీదంటే, ముక్కలు ఎత్తమని పాత గోనెసంచి కూడా చేతిలో పెట్టేది. చాలామంది సంచిని అక్కడే పడేసి పోయేవారు. మర్నాడు పొద్దున్నే మొగుడూ పెళ్లాం చీపుళ్లు పట్టుకుని బయల్దేరేవారు.