టీచర్‌గారి చలికాలపు కథ

టీచర్‌గారు పోయారని సోమవారం పొద్దున్నే, మెషిన్లు ఒక్కొక్కటీ ఆన్ చేస్తుండగా తెలిసింది. మా డయాలసిస్ సెంటర్లో ఎవరైనా పోతే పెద్దగా ఏమీ జరగదు. ఒక కుర్చీ ఖాళీ అవుతుంది, వారం తిరక్కుండా అందులోకి ఇంకొకరు వస్తారు. పదిహేడేళ్ళుగా నర్సుగా ఇదే చూస్తున్నాను. అలవాటైపోయిందని చెప్పను, అలిసిపోయానంతే.

ఆవిడ ఒజిబ్వే అనే అమెరికా ఆదివాసీ తెగ మనిషి. మిషిగన్ ఉత్తరాన వాళ్ళ ఊళ్ళో ఏళ్ళ తరబడి పిల్లలకి తమ భాష నేర్పారు. షుగరు మూలంగా కిడ్నీలు పాడై, చూపు కూడా పోయాక, మనవరాలి దగ్గర ఉండడానికి మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చారు. వారానికి మూడు రోజులు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు, కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ నాకు చేతనైన తెలుగులో రాస్తున్నాను. రాయమన్నది ఆ మనవరాలే.

మొదటిరోజు నేను అందరినీ అడిగినట్టే “హౌ ఆర్ వి టుడే?” అన్నాను. ఇక్కడి నర్సులకి అది ఊతపదం.

“ఆ ‘వి’లో నువ్వూ ఉన్నావా? సూది నా ఒక్కదానికే కదా గుచ్చుతావు!” అన్నారు.

నాకు నవ్వొచ్చింది. మా తెలుగులో మీరు కూడా ఉంటే ‘మనం’ అంటామని, లేకపోతే ‘మేము’ అంటామని చెప్పాను. ఆవిడ సంబరపడిపోయారు. “మాకూ రెండున్నాయి! పాపం ఇంగ్లీషువాళ్ళు, ఒక్కదానితోనే నెట్టుకొస్తున్నారు.” ఆ రెండు మాటలూ అప్పటికప్పుడు నేర్చుకుని, నేను సూది పట్టుకున్నప్పుడల్లా “ఇప్పుడు మనమా, మేమా?” అని నన్ను ఆటపట్టించేవారు.

వాళ్ళ భాషలో ‘నేను నిన్ను చూశాను’ అన్నా, ‘నువ్వు నన్ను చూశావు’ అన్నా మాట ‘నువ్వు’తోనే మొదలవుతుందట. ఎదుటి మనిషి ముందు, నేను తరవాత, ఇక్కడ లేనివాళ్ళు ఆ వెనక. ఎంత సంస్కారమో అని నేను పొగడబోతే కసురుకున్నారు. “సంస్కారమూ లేదు, పాడూ లేదు. వరస అంతే. ఆ వరసలోనే తిట్టుకుంటాం కూడా.” కథలో ఇద్దరు మనుషులొస్తే ఒకరే ముందుంటారని, రెండోవాళ్ళ మాటకి చివర చిన్న తోక తగిలించి వెనక నిలబెడతామని చెప్పారు. ఎవరు ముందనేది కథ చెప్పేవాళ్ళ చేతిలో పని.

ఆవిడకి వాళ్ళ నాయనమ్మ చెప్పిన పెద్ద కథ ఒకటి ఉండేది. ఇంకెవరికీ అది పూర్తిగా రాదు. మనవరాలి కోసం దాన్ని ఫోన్లో కొంచెం కొంచెం రికార్డు చేసేవారు. కానీ అలాంటి కథలు నేలమీద మంచున్నప్పుడే చెప్పాలి. ఎండాకాలం చెబితే పాములూ కప్పలూ మేలుకుని వింటాయట. అందుకని ఫోన్ తీసే ముందు ప్రతిసారీ “బయట మంచుందా?” అని నన్ను అడిగేవారు. లేదంటే ఫోన్ దుప్పటి కిందే ఉంచేసేవారు. అలా మూడు చలికాలాలు గడిచినా కథ సగమే అయింది.

ఈ ఏడాది మార్చికల్లా మంచంతా కరిగిపోయింది. ఆవిడ ఒళ్ళూ అలాగే తగ్గుతూ వచ్చింది. ఇంకో చలికాలం చూడరని నాకు తెలుసు. ఏప్రిల్లో ఒక బుధవారం ఎప్పటిలాగే అడిగారు. “ఉంది టీచర్, ఇప్పుడే మొదలైంది, బాగా కురుస్తోంది,” అన్నాను.

పక్క కుర్చీలో మన తెలుగాయనే, కార్ల కంపెనీలో రిటైరైన అంకుల్ ఒకాయన ఉంటారు. పేపరు దించి తెలుగులో నెమ్మదిగా అన్నారు. “అబద్ధం చెప్పినా అతికినట్టుండాలమ్మా. ఎండ ఆవిడ కాళ్ళమీదే పడుతోంది, చూసుకోవద్దూ?”

గబగబా వెళ్ళి బ్లైండ్స్ దించాను. టీచర్‌గారు దుప్పటి కింద తడిమి ఫోన్ తీశారు. నోటి దగ్గర పెట్టుకుని అరగంట సేపు చెప్పారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అమ్మయ్య, కథ కదిలింది అనుకున్నాను. తప్పు చేశానని లోపల పీకుతూనే ఉన్నా, ఆ రోజు ఇంటికి తేలిగ్గానే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను.

ఆవిడ అక్టోబరులో పోయారు. మంచు ఇంకా మొదలవలేదు.

కిందటి వారం మనవరాలు ఆవిడ దుప్పటి తీసుకెళ్ళడానికి వచ్చింది. బ్రేక్ రూమ్‌లో కూర్చోబెట్టి, ఉండబట్టలేక, నా అబద్ధం సంగతి చెప్పేశాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. ఫోన్ తీసి ఆ రోజు రికార్డింగ్ పెట్టింది.

“ఇది ఆ కథ కాదు ఆంటీ. దాని మిగతా సగం అమ్మమ్మతోనే పోయింది. ఇందులో ఒక ముసలావిడ, ఒక నర్సు ఉంటారు. నర్సు పొద్దుటినుంచీ నిలబడే ఉంటుంది. ముసలావిడ అడిగిందని ఎండలో మంచు కురిపిస్తుంది. మొదటినుంచి చివరిదాకా వరసలో మీరే ముందున్నారు. అమ్మమ్మ తనని ఒక్కసారి కూడా ముందుకి తెచ్చుకోలేదు.”

నాకు ఏడుపు ఆగలేదు. ఆ అబద్ధంతో ఒక కథని బతికిద్దామనుకున్నాను. అది బతకలేదు. ఆవిడకి కోపం రాకపోవడం నాకు ఇంకా కష్టంగా ఉంది.

రికార్డింగ్ అయిపోలేదు. కథ చెప్పడం ఆపేశాక కూడా ఆవిడ ఫోన్ ఆపలేదు. మెషిన్ కూత, దగ్గరికొస్తున్న బూట్ల చప్పుడు. అవి నా బూట్లే. టీచర్‌గారి గొంతు ఇంగ్లీషులో అంది: “వచ్చావా? ఒక్క నిమిషం కూర్చో.” “వస్తా టీచర్,” అంది నా గొంతు. బూట్ల చప్పుడు పక్క కుర్చీ వైపు వెళ్ళిపోయింది.