ఏడుకొండలు మా పెట్టె ఎక్కిన రోజు

మా అమ్మాయి ఫుట్‌బాల్ ఆడి వచ్చి వరండాలో విడిచి పడేసిన చొక్కా నుంచి తడిమన్ను, చెమట, నలిగిన గడ్డి కలిసిన వాసన వస్తోంది. మామూలుగా అయితే తీసి బకెట్లో వెయ్యమని కేకలేసేదాన్ని. నిన్న సాయంత్రం మాత్రం అది ఆ చొక్కా పక్కనే మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. సముద్రాల అవతల ఎక్కడో దానికి ప్రాణమైన ఆటగాడు ఇక ఆడనని చెప్పాడట. ఫోనులో అతను కళ్ళు తుడుచుకుంటుంటే ఇక్కడ ఇదీ తుడుచుకుంటోంది. ఓదార్చడానికి పక్కన చేరినదాన్ని, ఆ వాసనకి నేనే రేపల్లెకీ నా తొమ్మిదో ఏటికీ వెళ్ళిపోయాను.

మాకూ ఒక ఆటగాడుండేవాడు. పేరు ఏడుకొండలు. నిజాంపట్నం నుంచి వేటకు వెళ్ళే పడవల మీద పని చేసేవాడు. ఆదివారం ఆట ఉంటే శనివారమే ఒడ్డుకు చేరి, ఒంటి మీది ఉప్పు సరిగ్గా వదలకుండానే రేపల్లె జట్టులో ఎడమ పక్కన నిలబడేవాడు. నల్లగా, సన్నగా, కొంచెం వంగి నడిచే ఆ మనిషిని బజార్లో చూస్తే ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. బంతి కాలికి తగిలిందంటే మాత్రం, కాలవలో చేపపిల్ల తప్పుకున్నట్టు ఇద్దరు ముగ్గురి మధ్య నుంచి జారిపోయేవాడు. కిందపడేస్తే లేచి దులుపుకునేవాడే కానీ ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. గోలు కొట్టాక కూడా ఏదో తప్పు చేసినవాడిలా తల వంచుకుని తన చోటికి తను నడిచిపోయేవాడు.

వరికోతలై కుప్పలు పడి, చేలల్లో మినుము రెండాకులు వేసే రోజుల్లో మొదలయ్యేవి ఆ ఆటలు. తెనాలిలో అయితే పొద్దున్నే రైలు, బాపట్లలో అయితే చెరుకుపల్లి మీదుగా బస్సు. రైల్లో ఇంజను వైపు నుంచి రెండో పెట్టె మాది. ఎవరూ రాసివ్వలేదు కానీ మాదే. అందులో మా నాయనమ్మ సుబ్బరత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంటే, ఎదురుగా మా నాన్న, చుట్టూ టిఫిన్ హోటలు బాబాయి, మా వీధి వాళ్ళు, వాళ్ళ పిల్లలు సర్దుకునేవాళ్ళు. భట్టిప్రోలు రాకుండానే పులిహోర మూత తీసేవాళ్ళు. వేమూరు దాటేసరికి చేగోడీలు నడిచేవి. ఆ తర్వాత నాయనమ్మ ఒళ్ళోని సంచిలోంచి ఉడకబెట్టిన తేగలు తీసి, తొక్క ఒలిచి, నిలువునా చీల్చి, లోపలి లేత మొలక, అదే చందమామ, నాకిచ్చి మిగతాది పంచేది. ఆవిరీ మట్టీ కలిసిన ఆ తేగల వాసనతో పెట్టె నిండిపోయేది. ఆవిడకి ఆట నియమాలు ఒక్కటీ తెలియవు. మనవాళ్ళు తెల్లచొక్కాలు, వాళ్ళు మనవాళ్ళు కారు, అంతే. అయినా ఆవిడ లేచి నిలబడిందంటే తెనాలి వాళ్ళు సైతం ఏదో జరగబోతోందని అటు చూసేవాళ్ళు.

ఆ ఏడు బాపట్లలో ఆట గెలిచి బస్సెక్కబోతుండగా ఏడుకొండలు మా నాన్న దగ్గరకొచ్చాడు.

"అన్నా, ఇంక నేను మానేస్తున్నా" అన్నాడు.

"దేన్ని?" అన్నాడు నాన్న.

"ఆటని. నేను తోసిన బంతి నాకే అందటం లేదన్నా. మోకాలు పట్టేస్తోంది."

బస్సులో చెరుకుపల్లి దాకా మోకాలికి ఏ నూనె మంచిదన్న చర్చే నడిచింది. నాయనమ్మకి మాత్రం చెప్పలేని కోపం వచ్చింది. "ఎవర్నడిగి మానేశాడంట?" అని నాలుగు రోజులు ఇంట్లో గిన్నెలన్నిటితో చప్పుడు చేసింది. మా నాన్న గడ్డం చేసుకోవడం మర్చిపోయాడు. హోటలు బాబాయి అందరినీ మించిపోయాడు. గల్లాపెట్టె పైన ఏడుకొండలు ఫొటో వేలాడదీసి, గౌరవంగా ఉంటుందని బంతిపూల దండ వేసి, రెండు అగరొత్తులు కూడా వెలిగించాడు. ఆ వారమే ఏడుకొండలు ఇడ్లీ తినడానికి వచ్చి, చెయ్యి కడుక్కుని తలెత్తి, కాసేపు ఆ ఫొటోనే చూశాడట.

"బాబాయ్, నేను పోయానా ఏంటి?"

బాబాయి గబగబా దండ లాగేసి, ఏం చెయ్యాలో తోచక దాన్ని ఏడుకొండలు మెడలోనే వేశాడట. అతను దాంతోనే ఇడ్లీ తిన్నాడని ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నాం.

నవ్వుకున్నామే కానీ ఆ తర్వాతి ఆదివారం తెనాలి ఆటకు ఎవరమూ కదల్లేదు. వాడు లేనప్పుడు చూసేదేముంది అంది నాయనమ్మ. మా జట్టు చిత్తుగా ఓడిపోయిందని సాయంత్రం తెలిసింది. ఓడినందుకు కాదు గానీ, మా పెట్టె ఖాళీగా వెళ్ళిందని స్టేషన్లో ఎవరో చెబితే నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇంక ఆదివారాలంటే మామూలు ఆదివారాలేనా అనిపించింది.

మళ్ళీ ఆదివారం, నాయనమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే ఏడుకొండలు వచ్చి నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, తడి తల, చంకలో సంచి.

"పెద్దమ్మా, తెనాలి పోదాం, రాండి."

"ఆడనివాడివి, నువ్వెందుకు తెనాలి?"

"చూడ్డానికి. పోయిన వారం ఒక్కణ్ణే పోయా. పక్కన మనిషి లేడు. ఎట్టా చూడాలో నాకేం తెలుసు? ఇన్నాళ్ళూ మీరేగా చూసింది."

నాయనమ్మ చెంబు కింద పెట్టి అతని వంక చూసింది. "రైలుకి టైమవుతోంది, తేగలు కూడా ఉడకెయ్యలేదు" అంది విసుగ్గా, కానీ అప్పటికే పొయ్యి రాజెయ్యడానికి లోపలికి నడుస్తోంది. నన్ను వీధిలోకి పరిగెత్తించింది. నేను తలుపులు బాదుకుంటూ పోయాను. రైలు కదిలేసరికి పెట్టె నిండిపోయింది. ఏడుకొండలు తలుపు దగ్గర బెరుగ్గా నిలబడితే, హోటలు బాబాయి లేచి తన చోటు ఇచ్చాడు. ఆటగాళ్ళతో పాటు ముందు పెట్టెలో వెళ్ళే మనిషి మా మధ్య కూర్చుని చేగోడీలు తినడం ఎంత ఆశ్చర్యమో ఆ రోజు. నేను జంపని దాకా అతని మోకాళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

మైదానంలో ఆట మొదలయ్యాక తెలిసింది, ఆ నోరులేని మనిషి గట్టు మీద ఎంత అల్లరివాడో. కూర్చున్నచోటే కాళ్ళు విసిరి ముందున్న మా నాన్న వీపు మీద రెండుసార్లు తన్నాడు. "ఎడమకియ్యి, ఎడమకియ్యిరా" అని గొంతు చించుకున్నాడు. గీత పక్కనే పరిగెత్తాడు. ఈల ఊదే సారుని నిలదీశాడు. ఆయన ఆట ఆపి దగ్గరకొచ్చి, నమ్మలేనట్టు, "ఏడుకొండలూ, నువ్వేనా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

నాయనమ్మ చొక్కా పట్టి లాగి అతన్ని కూర్చోబెట్టి చేతిలో తేగ పెట్టింది. "ముందు ఇది ఒలువు. చూడ్డమంటే బంతి వెనక పరిగెత్తడం కాదు. బంతిని అందరూ చూస్తారు. మనవాడు కిందపడితే లేచేదాకా వాణ్ణి చూడాలి."

అంతలోనే ఎడమ పక్కన కొత్తగా ఆడుతున్న కుర్రాడు జారి పడ్డాడు. బంతి అటు పోయింది, ఆట అటు పోయింది. మా గట్టు మీద వాళ్ళెవరూ బంతి వైపు చూడలేదు. ఆ కుర్రాడు చెయ్యి ఆనించి, లేచి, కాలు విదిలించి పరిగెత్తాక అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఏడుకొండలు చేతిలో తేగ సగంలో ఆగిపోయింది.

"నన్నూ అట్టాగే చూశారా పెద్దమ్మా?"

"మరి ఎందుకొచ్చామనుకున్నావు?" అంది నాయనమ్మ, కళ్ళు మైదానం మీద నుంచి తిప్పకుండా.

ఏడుకొండలు తల వంచుకుని చాలాసేపు ఆ తేగ ఒలిచాడు. ఆట చెరో గోలుతో ముగిసింది. కానీ ఆ సాయంత్రం మా పెట్టె గెలిచిన రోజులకన్నా గోలగా ఉంది. తను ఆడిన ఆటల్లో ఏ క్షణాన ఏమనుకున్నాడో అతను చెబుతుంటే, అదే క్షణంలో మేమేం చేశామో మా వాళ్ళు చెప్పారు. రేపల్లె వచ్చినా ఎవరికీ దిగబుద్ధి కాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు, నేను పెద్దదాన్నై చదువుకి వెళ్ళేదాకా, ఆదివారాలు అలాగే సాగాయి.

ఇప్పుడు రేపల్లె జట్టు లేదు. తెనాలి మైదానంలో సగం దుకాణాలయ్యాయి. మా వాళ్ళంతా కార్లలో తలో వేళకి తిరుగుతున్నారు, రైల్లో ఫలానా పెట్టె మాదని చెప్పుకునే మనుషులు లేరు. నాయనమ్మ పోయి చాలా కాలమైంది. పోయిన నెల బాపట్లలో ఆడపిల్లల ఆటకు వెళితే, గట్టు మీద తల నెరిసి, కర్ర పక్కన పెట్టుకుని ఏడుకొండలు బాబాయి కనిపించాడు. పక్కన చేరాను. అవతల కూర్చున్న ఒకావిడ, ఆడుతున్న పిల్ల తల్లి కాబోలు, మర్యాదగా అడిగింది.

"బాబాయి గారూ, మీరు కూడా ఆడేవారాండి?"

నేను నోరు తెరవబోయాను. ఆయన నా చెయ్యి నొక్కాడు.

"ఏదో కొన్నాళ్ళమ్మా" అన్నాడు. "తర్వాత వీళ్ళల్లో కలిశాను."