మావయ్య గారి గట్టి అరిసెలు

పెళ్లయిన కొత్తలో నా మీద నాకున్నంత మంచి అభిప్రాయం, ఆ రోజుల్లో అనకాపల్లి మొత్తం మీద ఇంకెవరికీ ఎవరి మీదా ఉండి ఉండదు. అదేమీ చదువు వల్ల వచ్చింది కాదు. నేను బడి గడప తొక్కలేదు. చిన్నప్పుడు తరచూ జ్వరాలు వచ్చేవని, దేవరాపల్లిలో మా అమ్మ నన్ను పొయ్యి పక్కనే కూర్చోబెట్టుకుని బియ్యప్పిండిలో వేలితో అక్షరాలు దిద్దించింది. లెక్కలు జంతికల చుట్లతో వచ్చాయి. వంటా, భక్తీ రెండూ వేరువేరన్న సంగతి నాకు చాలాకాలం తెలియదు. ఎందుకంటే అమ్మ అరిసెలకు పాకం పెట్టిందంటే, బెల్లం కరిగి బుడగ లేవగానే రామనామం మొదలుపెట్టేది. నూట ఎనిమిది పూర్తయ్యేసరికి పాకం ఉండకట్టేది. (పొయ్యిలో కట్టెలు ఎన్ని, గిన్నెలో బెల్లం ఎంత అన్నది నేనెప్పుడూ చూడలేదు. అంతా రాముడి మహిమ అనుకున్నాను.) పెళ్లిచూపుల్లో మా అత్తగారు "పిల్ల ఏటి సదివింది?" అని అడిగితే, అమ్మ తడుముకోకుండా "అరిసెలు బాగా సేత్తాది" అంది. నా డిగ్రీ అదే.

ఆ డిగ్రీకి పరీక్ష నాలుగు నెలల్లోనే వచ్చింది. మా ఆడపడుచును మునగపాక ఇచ్చారు. అత్తింటికి వెళ్లే పిల్లతో పాటు సారె వెళ్లాలి, సారెలో అరిసెలు ఉండాలి. వాటిని అక్కడ వీధంతా ఇంటింటికీ పంచుతారు. అరిసె చేతిలో పడగానే విరిచి చూసి, పిల్ల పుట్టింటి వాళ్లు ఏపాటి వాళ్లో తేల్చేస్తారు. అందుకే అత్తగారు వంటామెని పిలిపిద్దామన్నారు. "ఎందుకత్తయ్యా, నేనున్నాను కదా!" అన్నాను. అన్నది నేనే. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రయాణం. ముందు రోజు బియ్యం నానబోసి, తడిపిండి పట్టించి, జల్లించి పెట్టాం. బెల్లానికి మా ఊళ్లో లోటేముంది, దిమ్మలు దిమ్మలే వచ్చాయి. పెళ్లికి అద్దెకు తెచ్చిన పెద్ద గ్యాసు పొయ్యి పెరట్లో ఇంకా ఉంది. దాని మీద గుండిగ ఎక్కించి, బుడగ లేవగానే కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. నలభై దాకా వచ్చానో లేదో, ఆడపడుచు పరిగెత్తుకొచ్చింది. "వదినా, నా పచ్చ జాకెట్టు ఎక్కడెట్టేవు?" చెప్పాను. లెక్క పోయింది. నలభయ్యో, యాభయ్యో! ఉజ్జాయింపుగా అందుకోవచ్చు గానీ, దేవుడి దగ్గర దొంగలెక్కలేమిటని మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకున్నాను. డెబ్భైల్లో ఉండగా పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగిచూసి, "ఏటమ్మా కళ్లు మూసేసుకున్నావు, తలనొప్పేటి?" అంది. పెద్దావిడ అడిగితే పలకకపోతే ఎలా? పలికాను. మళ్లీ ఒకటి. ఇంతలో అత్తగారు సావిట్లోంచి కేకేశారు.

"ఏటే, ముదురు వాసనొత్తంది! పాకం సూసేవా?"

"ఇంకా అవలేదత్తయ్యా, అరవయ్యే అయ్యాయి."

"అరవై ఏటే?"

ఆవిడ వచ్చేలోపు నూట ఎనిమిదీ నిష్ఠగా పూర్తిచేసి, పొయ్యి కట్టేసి, ఉన్న పిండంతా ఒక్క చిటికెడు మిగల్చకుండా అందులో పోసి కలిపేశాను. కలుపుతుంటే తెడ్డు మొరాయించింది. అది కూడా మంచి శకునమే అనుకున్నాను. వెచ్చటి నెయ్యి చేతులకు రాసుకుని, చేతులు కాలుతున్నా తట్టి తట్టి నూనెలో వేశాం. మొదటి వాయి రంగు చూస్తే ముచ్చటేసింది. చల్లారాక అత్తగారు ఒక అరిసె తీసి విరవబోయారు. విరగలేదు. మోకాలికి ఆనించి చూశారు. చివరికి పళ్లెంలోకి వదిలితే, స్టీలు మీద స్టీలు పడ్డట్టు టంగుమంది.

ఆడపడుచు బావురుమంది. "ఇవి అట్టుకెల్తే మా అత్తోరి పళ్లూడిపోతాయమ్మా! నన్ను ఏటంటారో!" మళ్లీ చేద్దామంటే తడిపిండి లేదు, బియ్యం నానడానికి పొద్దు లేదు. నాకున్న ఒక్క విద్య అలా పళ్లెంలో టంగుమంటూ ఉంటే, వెళ్లి దేవుడి పటం ముందు కూర్చున్నాను. "నీ పేరు తలుచుకున్నందుకా స్వామీ నాకిలా చేశావు?" అని ఏడ్చాను. వెనకే వచ్చిన అత్తగారు, "ఆయన మీద ఎట్టకు. పొయ్యికాడ ఆయనున్నాడేటి? నువ్వున్నావు. లే, రోకలట్టుకో" అన్నారు.

చేసిన అరిసెలు చేసినట్టే రోట్లో వేసి దంచాం. నేనలిసిపోతే ఆవిడ, ఆవిడ అలిసిపోతే నేను. ఆ పొడిలో నెయ్యి, వేయించిన కొబ్బరి, యాలకులు కలిపి ఉండలు చుట్టాం. పొద్దున్నే మునగపాకలో సారె విప్పగానే ఒక పెద్దావిడ ఉండ పట్టుకుని, "అరిసెలేవమ్మా? ఇయ్యేటి?" అంది. నేను అత్తగారి వెనక్కి జరిగాను. అత్తగారు మాత్రం తొణక్కుండా, "అరిసెలే వదినా. ముసిలోళ్లూ పిల్లలూ తినడానికి ఈలుగా ఉంటాదని ఉండలు సేసేం. మా కోడలి సేతివి" అన్నారు. పెద్దావిడ నోట్లో వేసుకుని, ఇంకోటి తీసుకుని, నా గడ్డం పుణికింది. నేను తలవంచుకున్నాను. అది వినయం అనుకున్నారు పాపం.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. దంచగా దంచగా చేతులు పడిపోయి, ఒక డబ్బాడు అరిసెలు అలాగే వదిలేశాం. మునగపాక నుంచి తిరిగొచ్చాక, సాయంత్రం టీ తాగుతూ మావయ్య గారు అందులోంచి ఒకటి కొరికారు. ఆ చప్పుడు వంటింట్లోకి వినబడింది. పరిగెత్తుకెళ్లాను. ఆయన దవడ పట్టుకుని నా మొహం చూసి, "బాగుందమ్మా. నాకు అరిసె ఇలా గట్టిగా ఉంటేనే ఇష్టం" అన్నారు.

నేను నమ్మాను. నమ్మడమే కాదు, ఆ రోజు నుంచి అరిసెలు చేసిన ప్రతిసారీ మావయ్య గారికని ప్రత్యేకంగా ఒక వాయి ముదురుపాకం పట్టేదాన్ని. మెత్తటివి పొరపాటున కూడా ఆయన పళ్లెంలో పడనిచ్చేదాన్ని కాదు. "ఉండండి మావయ్య గారూ, మీవి వేరే ఉన్నాయి" అని అడ్డం పడేదాన్ని. ఆయన టీలో ముంచుకుని కూర్చునేవారు. టీ చల్లారేది గానీ అరిసె నానేది కాదు. అత్తగారికి అప్పుడప్పుడూ దగ్గు తెర వచ్చేది. (అది దగ్గు కాదని ఇప్పుడు తెలుస్తోంది.) ఇలా పదేళ్ల పైన గడిచింది.

ఒకసారి ఆడపడుచుకి చీర ఇవ్వాలని, చెప్పకుండా మునగపాక బస్సెక్కాను. మావయ్య గారు అంతకు ముందు రోజే కూతుర్ని చూడ్డానికి వెళ్లారు. పెరట్లోకి వెళ్లేసరికి, ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒళ్లో పళ్లెం, చేతిలో అరిసె. వేలితో నొక్కితే సొట్టపడేంత మెత్తటి అరిసె. కళ్లు మూసుకుని తింటున్నారు. నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. మీసాలకు నువ్వులు అంటుకుని ఉన్నాయి.

"ఇవి... మరీ మెత్తగున్నాయమ్మా" అన్నారు నమలడం ఆపి. "బాగోలేవు. నీ సేతివాటికి సాటి రావు."

ఆడపడుచు నవ్వు ఆపుకోలేక గుమ్మంలోనే కూలబడింది. "ఒదినా, నాన్నకి గట్టియ్యంటే సచ్చేంత బయం! ఆ రోజు నువ్వేడిత్తావని అలాగనేసేడు. ఆ తరవాత సెప్పడానికి మొకం సెల్లలేదు. మెత్తటియ్యి తినాలనుంటే బస్సెక్కి ఇక్కడికొచ్చేత్తాడు!"

నాకు ఎక్కడికి పోవాలో తెలియలేదు. కోడలి మనసు నొచ్చుకుంటుందని ఒక మనిషి అన్నేళ్లు తన పళ్లతో అబద్ధం ఆడాడు. నేనేమో సేవ చేస్తున్నానని మురిసిపోతూ, ఆయన కోసం ఇంకాస్త ముదరబెట్టాను.

ఆ వారంలోనే ఇంట్లో పాకం పెట్టాను. కళ్లు తెరుచుకునే పెట్టాను. నీళ్లలో చుక్క వేసి, వేళ్లతో నొక్కి చూసి, లేతగా ఉండగానే దించేశాను. పళ్లెంలో నాలుగు వేసి ఇచ్చి, "ఇవాళ్టి నుంచి ఇవే మావయ్య గారూ" అన్నాను. ఆయన పళ్లెం అందుకున్నారు. నాలుగూ తిన్నారు. నేను వంటింట్లోకి వెళ్లాక, నాకు వినబడదనుకుని అత్తగారితో మెల్లిగా అనడం విన్నాను. "గట్టియ్యి ఓ రెండు సేసి ఎట్టమని సెప్పకూడదేటి? మద్దిమద్దిలో ఆ పిల్ల ముందు తింటాను. అన్నేల్లూ తప్పు సేసేనని బాదపడతాది."

పొయ్యి ముందు నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆ కొంగుతోనే కళ్లు కూడా తుడుచుకున్నాను.