లోపం చెప్పి అమ్మిన ప్రభుదాసు గారు

మా బావగారు ప్రభుదాసు గారు ప్రభువునందు నిద్రించారని పాస్టరు గారు మైకులో ప్రకటించినప్పుడు నాకు దుఃఖంతోపాటు కోపం కూడా వచ్చింది. ఆదివారం ప్రసంగం మధ్యలో తప్ప ఆ మనిషి పగటిపూట కునుకు తీయడం నేనెన్నడూ చూడలేదు. మొన్న శుక్రవారం సాయంత్రం, బందరులోని మా దుకాణంలో, చేతిలో స్క్రూడ్రైవరు ఉండగానే బల్లమీదికి వాలిపోయారు. ఆసుపత్రికి చేరేలోపే అంతా ముగిసింది. పక్కనే ఉన్నదాన్ని కనుక నమ్మక తప్పలేదు గాని, మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.

ఆయన వృత్తి ఏమిటో బంధువుల్లోనే చాలామందికి తెలియదు. "పాత రేడియోలు అమ్ముతాడు" అనేవారు. నిజానికి ఆయన అమ్మినవి పాతకాలపు కొలత యంత్రాలు. కరెంటు పోకడను తెరమీద గీతగా చూపే ఆసిలోస్కోపులు, రేడియో, వైర్‌లెస్ సెట్లను సరిచూసే సిగ్నల్ జనరేటర్లు, ముల్లు తిరిగే మీటర్లు. మూతపడిన ల్యాబుల నుంచి, ఆఫీసుల వేలాల నుంచి తెచ్చి, తుప్పు గీకి, బాగుచేసి, అవసరమున్నవారికి ఇచ్చేవారు. గూడూరు దగ్గరి పల్లెలో కూలి కుటుంబంలో పుట్టి, రేడియో మెకానిక్కుగా మొదలై, స్వయంకృషితో ఈ విద్యలో నిష్ణాతుడయ్యారు. ఒక కాలేజీ ల్యాబులో నా ఉద్యోగం ముగిశాక నేనూ ఆయనతో చేరాను. "మొగుడూ చెల్లెలూ దుకాణానికి, తుప్పు వాసన నాకా?" అని మా అక్క సుగుణ సణిగేది.

ఆ వ్యాపారానికి ఆయన పెట్టుకున్న ధర్మం ఒక్కటే. లోపం ముందు చెప్పాలి, గుణం తరువాత. గుడివాడ నుంచి ఒక టీవీ మెకానిక్కు వస్తే, బావగారు అతని ముందు ఒక ఆసిలోస్కోపు పెట్టి మొదలుపెట్టారు. "ఈ నాబ్ వదులండీ. ఈ రేంజి పనిచెయ్యదు. మన ఉప్పుగాలికి లోపల స్విచ్చికి మళ్లీ చిలుము పడుతుంది." ఆ మెకానిక్కు విసిగిపోయి, "మీరు అమ్ముతున్నారా, నన్ను తరుముతున్నారా అండీ?" అన్నాడు. "ముందు తరుముతానండీ. ఆగితే అమ్ముతాను" అన్నారు ఈయన. అతను ఆగాడు. తరువాత తన తోటి మెకానిక్కులను కూడా పంపాడు.

ఆ రోజు అతను వెళ్లాక నేను బావగారిని దులిపేశాను. బేరాన్ని ఇలా కాలదన్నుకుంటే ఎలాగన్నాను. ఆయన తాపీగా నవ్వి, "వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యొచ్చు మరదలా, ఒక్క అబద్ధమాడి మీటరు అమ్మకూడదు. మొగుడూ పెళ్లామైతే సర్దుకుంటారు. మీటరు సర్దుకోదు" అన్నారు. ఇంకో మాట కూడా తరచు అనేవారు: "ఎప్పుడూ ఒకేలా తప్పు చూపే మీటరు మంచిదే. రోజుకోలా చూపేదే దొంగ." మనుషుల విషయంలోనూ ఆయనకు ఇదే కొలమానం. నేను ఎప్పుడూ ఒకేలా కోప్పడతాను కనుక నన్ను మంచి మీటరు అనేవారు.

పాలకాయతిప్ప నుంచి పోలయ్య అనే ఆయన వచ్చేవారు. వేటకు వెళ్లే బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తారు. ఆయనకు ఒక పాత సిగ్నల్ జనరేటరు కావలసివచ్చింది. "మా తమ్ముడు సముద్రం మీద ఈ సెట్లతోనే మాట్లాడతాడండీ" అన్నారు. అంతే, బావగారు ఆయనను మధ్యాహ్నమంతా కూర్చోబెట్టారు. యంత్రం వేడెక్కేదాకా కొలత ఎలా జారుతుందో కళ్లారా చూపించారు. "పొద్దున్నే లేపి లెక్కలడిగితే మీరు మాత్రం సరిగ్గా చెబుతారా? దీన్నీ కాసేపు లేవనివ్వండి" అన్నారు. ఆ రోజు ఆ యంత్రంతోపాటు దాన్ని వాడే ఓర్పు కూడా పోలయ్య గారికి అబ్బింది.

ఇంతటి సత్యసంధుడు ఒక్క లోపం మాత్రం దాచారు. ఛాతీలో పట్టేస్తోందని ఇంట్లో చెప్పలేదు, నాకు చెప్పలేదు. డాక్టరు రాసిచ్చిన మాత్రలు, అతుకులు వేసే సోల్డరు తీగ డబ్బాలో దొరికాయి. వాటిని చూసి అక్క ఏడ్చింది, నేను తిట్టాను. ఇప్పటికీ తిడుతున్నాను. బావగారూ, మీ ధర్మం మీకు వర్తించదా?

ఆయన కోసం చర్చివారు జరిపిన ఆదరణ కూడిక ముగియగానే బంధువులు పాత ఇనుము వ్యాపారిని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చారు. తూకానికి ఇచ్చేస్తే పీడా వదులుతుందన్నారు. అక్క నన్ను పక్కకు పిలిచింది.

"విజయా, నువ్వొక్కదానివే నడపగలనంటే ఉంచుదాం. మొహమాటానికి చెప్పకు."

"నడపగలనక్కా."

"ఆయనకి తెలిసినవన్నీ నీకు తెలుసా?"

"తెలీవు. తెలీనప్పుడు తెలీదని చెప్పడం మాత్రం తెలుసు."

కూడికకు వచ్చిన పోలయ్య గారు అప్పటికి బావగారి బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. బావగారు చివరిసారి విప్పిన స్కోపు దానిమీద అలాగే ఉంది. "ఇది నాకిచ్చెయ్యండి విజయ గారూ. ఆయన చేతిలో పడిందంటే ఇక చూడక్కర్లేదు" అన్నారు.

"ఇవ్వనండీ. దీని లోపమేంటో ఆయన నాకు చెప్పలేదు. నేను కనుక్కోవాలి."

"ఆయన మీద నాకు నమ్మకమండీ."

"అది ఆయన సంపాదించుకున్నదండీ. నాది నేను సంపాదించుకోవాలి. వచ్చే వారం రండి."

అక్క ఇదంతా వింది. నేరుగా వెళ్లి, ఇనుము వ్యాపారికి నమస్కారం పెట్టి పంపించేసింది. మరునాడే నేను దుకాణం తెరిచి ఆ స్కోపు ముందు కూర్చున్నాను. లోపం దొరుకుతుంది. నాకు ఆ ధైర్యముంది.

బావగారికి అశ్రునివాళి అర్పిస్తూ, మా దుకాణానికి వచ్చేవారందరికీ ఆయన నేర్పిన పద్ధతిలోనే విన్నవించుకుంటున్నాను. యంత్రాలు ఉన్నాయి, బాగుచేసే చేతులు ఉన్నాయి, మాటకు కట్టుబడతాం. లోపం మాత్రం ముందే చెబుతున్నాను. ఆయన లేరు. అది బాగయ్యేది కాదు.