నేను పడేయని గిటారు

నా చిన్నప్పుడు సింగానల్లూరులో మా వీధి మొత్తానికీ గిటారు ఒక్కటే ఉండేది. అది పెద్దింటాయనది. కొబ్బరితోటలూ చిన్న మిల్లూ ఉన్న మనిషి. కొడుకు నేర్చుకుంటాడని, వైరు తగిలిస్తే స్పీకరులో పలికే రకం గిటారు కొనిపెట్టాడు. ఆ కొడుకు రెండు వారాలకే దాన్ని గోడకు ఆనించేశాడు. వీధి చివరి పెంకుటింటి నుంచి వాళ్ళింట్లో పాలు పోయడానికి వెళ్ళే నేను, అతని దగ్గర నాలుగు మెట్లు తెలుసుకుని, మిగతాది నా వేళ్ళతో నేనే వెతుక్కున్నాను. నాకప్పుడు పన్నెండేళ్ళు.

మొదట్లో పెద్దింటాయన కూడా ముచ్చటపడ్డాడు. బడి వార్షికోత్సవంలో వాయించు, గిటారు నేనిస్తానని నలుగురిలో మాటిచ్చాడు. ఆ మాట పట్టుకుని నేను నెలన్నర నేల మీద నడవలేదు.

ఇంకో మూడు రోజులుందనగా వాళ్ళ వరండాలో సాధన చేస్తుంటే, నాలుగో తీగ మీటినప్పుడల్లా జుయ్‌మని ఒక పాడు చప్పుడు మొదలైంది. స్పీకరులో అది కందిరీగల గూడు కదిపినట్టు వినిపించింది. పేపరు చదవడానికి వచ్చి కూర్చున్న పెద్దమనుషులు తలలెత్తారు. పెద్దింటాయన గిటారు నా చేతుల్లోంచి లాక్కుని, "ఈ పిల్లే కింద పడేసింటాది. ఇట్లాంటోళ్ళ చేతికిస్తే ఇంకేమయితాది?" అని వాళ్ళతో అన్నాడు.

పడేశావా అని నన్ను ఒక్క ముక్క అడగలేదు. నా ముందే, నేను అక్కడ లేనట్టు మాట్లాడాడు. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తుంటే కూడా నా చెవులు వేడెక్కుతున్నాయి. ఇంటికొస్తే అమ్మ సంగతి వినకుండానే వీపు మీద ఒకటి వేసింది. పెద్దింటివాళ్ళు ఊరికే అంటారా అన్నది ఆమె న్యాయం. వార్షికోత్సవం పోతే పోయింది, చెయ్యని పని చేశానని వీధంతా అనుకుంటుందే అన్నది నన్ను తినేసింది.

సాయంత్రం మా మేనమామ వచ్చాడు. ఆయన మోటారు పంపులు తయారుచేసే, బాగుచేసే పట్టరైలో, అంటే చిన్న కార్ఖానాలో, ఫిట్టరు. నా ఏడుపంతా విని, "నిజం చెప్పు తల్లీ, పడేసినావా?" అని అడిగాడు. లేదు మామా అన్నాను. మర్నాడు ఆదివారం పొద్దున్నే జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పెద్దింటికి వెళ్ళాడు. వాళ్ళ బావి మోటారు ఎన్నోసార్లు బాగుచేసిన చెయ్యి కాబట్టి ఆయన్ని కాదనలేకపోయారు. వరండాలో నిన్నటి పెద్దమనుషులే ఉన్నారు.

మామ మొదట చేసిన పని వైరు పీకేయడం. వాయించమన్నాడు. స్పీకరు లేకపోయినా చప్పుడు ఉంది. అంటే కరెంటు తప్పు కాదు. తర్వాత నన్ను అదే తీగ మీటుతూ ఉండమని, తాను ఒక్కొక్కదాన్నే వేలితో నొక్కి పట్టాడు. తీగలు బిగించే మరలు, స్విచ్చులు, బ్యాటరీ మూత. దేన్ని పట్టుకున్నప్పుడు చప్పుడు ఆగితే తప్పు దానిదే. దేనికీ ఆగలేదు. పట్టరైలో మోటారు అరిస్తే విప్పకముందు ఇలాగే చేస్తారని అప్పుడే తెలిసింది నాకు. ఆఖరికి స్క్రూడ్రైవరు మొన గిటారు వీపుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె విన్నట్టు అంగుళం అంగుళం జరిపాడు. ఒకచోట ఆగిపోయాడు.

ఆయుధపూజకి దీనికి బొట్టెక్కడ పెట్టినారన్నా అని పెద్దింటాయన్ని అడిగాడు. నిజమే, నిగనిగలాడే ఆ గిటారు మీద ఎక్కడా చందనం మరక లేదు. ఆయుధపూజ నాడు మా ఊళ్ళో బొట్టు పెట్టని వస్తువు ఉండదు. సైకిలుకు పెడతారు, కుట్టుమిషనుకు పెడతారు, కొబ్బరికాయలు వలిచే గునపానికీ పెడతారు. అమ్మకానికి పోయే కొత్త మోటారుకు మాత్రం, రంగు పాడవకుండా, మూత లోపల కనపడని చోట పెట్టడం పట్టరైవాళ్ళ అలవాటట.

"మీరే చెయ్యి పెట్టి చూడండన్నా," అన్నాడు మామ, తీగలు వదులు చేసి.

పెద్దింటాయన గిటారు పొట్ట మీది కన్నంలో చెయ్యి దూర్చి బయటికి తీసింది, ఎండి బిరుసెక్కిన ఒక మామిడాకు. దానికి చందనం, కుంకుమ. పాలిషు చెడుతుందని లోపల బొట్టు పెట్టి ఆకు అంటించింది ఆయనే. పచ్చిగా ఉన్నన్నాళ్ళు అది ఊరుకుంది. ఎండి, సగం ఊడి, తీగ మోగినప్పుడల్లా చెక్కకు కొట్టుకోసాగింది. తీగలు మళ్ళీ బిగించి మీటితే ఆ చప్పుడు నిలిచిపోయింది.

నేను ఆయన మొహంలోకే చూశాను, ఒక్క మాట కోసం. ఆయన నవ్వి, "సరి పో, సత్తం నిలిచింది కదా," అని ఆకు వాకిట్లోకి విసిరేశాడు. నిన్న నన్ను చూడడానికి ఎత్తిన తలలు ఇవాళ పేపర్లలోకి దిగాయి. వార్షికోత్సవానికి గిటారు తీసుకుపొమ్మన్నాడు, ఏదో దయ చూపిస్తున్నట్టు. వాయించాను. బాగానే వాయించాను. ఆయన ముందు వరసలో కూర్చుని, గిటారు నాదే అని పక్కవాళ్ళకు చెప్పుకున్నాడు. ఆ మనిషిని నేను క్షమించలేదు. ఇక క్షమించే ఉద్దేశమూ లేదు.

కానీ ఆ ఆదివారం తిరిగొస్తుంటే వీధికుళాయి దగ్గర మామ ఆగాడు. చేతులు కడుక్కుని, లుంగీ అంచుకు తుడుచుకుని, నా ఎత్తుకు వంగాడు.

"నేను కూడా అనుమానపడి ముందు నిన్నే అడిగినాను తల్లీ. గిటారును అడిగుండాల. తప్పు నాది."

అందరిలోకీ తక్కువ తప్పు చేసినవాడు ఆయన. ఆ మాట అన్నదీ ఆయనొక్కడే.

మొన్న మా ఇంట్లో మిక్సీ ఆగిపోతే, పనికొచ్చే అమ్మాయే పాడుచేసిందని మా కోడలు ఆమె ముందే అనేసింది. నేను వైరు పీకి ఇంకో ప్లగ్గులో పెట్టాను. మిక్సీ తిరిగింది. కాలిపోయింది గోడలో ఉన్న ప్లగ్గు. కోడలు నవ్వేసి లోపలికి వెళ్ళింది. నేను గిన్నెలు తోముతున్న ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళి, మోకాళ్ళు నొప్పెడుతున్నా పక్కన కూర్చుని, తప్పు మాదమ్మా అన్నాను.

ఆ అమ్మాయి చేతులాపి నన్ను వింతగా చూసింది. ఆ రోజు కుళాయి దగ్గర మామను నేనూ అలాగే చూసి ఉంటాను.