పొడి పిప్పిలో శనివారం కుండ

1944 జనవరి. అనకాపల్లిలో చెరకు గానుగలు తిరిగే రోజులు, ఊరంతా బెల్లం పాకం వాసన. నేను ఒక చిన్న ధర్మాసుపత్రిలో ఆడవాళ్ళ వార్డు నర్సును. పన్నెండు మంచాలు, నూకాలు అనే ఆయా, నేను. అంతే మా సైన్యం. నాకు నోరు పెద్దదని పేరుండేది. ఆ పేరు ఊరికే రాలేదు, నేనూ కాదనను.

నాలుగో మంచం మీద హన్నా గారని ఒక తెల్లావిడ ఉండేది. ఆవిడ భర్త చెరకు మిల్లులో యంత్రాలు బాగుచేసేవాడు. మేం దొరగారు, దొరసాని అనేవాళ్ళం గాని, వాళ్ళు ఏలుకోవడానికి వచ్చిన జాతి కాదు, ప్రాణాలు చేతబట్టుకుని వచ్చిన యూదులు. నాజీలు తరిమితే ఊళ్ళు దాటుకుంటూ ఇక్కడ తేలారు. ఆవిడ మెట్ల మీద జారిపడితే ఎడమ మోచేతి ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. దాన్ని కాంపౌండ్ ఫ్రాక్చర్ అంటాం. పుండు చీముపట్టింది కాబట్టి రోజూ డ్రెస్సింగ్ చెయ్యాలి, అంటే కడిగి కట్టు మార్చాలి. అందుకని నెల రోజులు మా దగ్గరే ఉండిపోయింది. మనిషి మాత్రం లేచి తిరిగేది, నూకాలు దగ్గర తెలుగు నేర్చుకునేది.

మొదటి శనివారం మధ్యాహ్నం చూస్తే, ఇంటి నుంచి ముందురోజు వచ్చిన చారును చల్లగా తాగుతోంది. నూనె పైన పేరుకుపోయి ఉంది. ఇటివ్వండి, వేడి చేసి తెస్తానన్నాను. గిన్నె వెనక్కి లాక్కుంది.

“శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా మేం నిప్పు ముట్టించం, వండం. చల్లారిన చారును మళ్ళీ కాచడం కూడా వండినట్టే.”

“మీరు కాచొద్దు. నేను కాస్తాను.”

“నా కోసం మీరు కాచినా నాకు పనికిరాదు.”

“జబ్బు మనిషికి కూడానా?”

“మంచం పట్టినవాళ్ళకైతే ఇంకొకరు కాచిపెట్టొచ్చు. నాకు చెయ్యి విరిగిందంతే. నడుస్తున్నాను, మీతో పోట్లాడుతున్నాను. లేని జబ్బు చెప్పుకుని వేడి చారు తాగలేను.”

నాకు ఒళ్ళు మండింది. చల్ల చారు తాగితే మెచ్చుకునే దేవుడెవరండీ అనేశాను. ఆవిడకి నాకంటే ఎక్కువ మండింది.

“చల్లగా తినమని ఎవరన్నారు? శనివారం మాకు పండుగ. పండుగనాడు వేడిగా తినాలి. ముందురోజే వండి, వేడి పోకుండా కుండను గడ్డిలోనో ఈకల్లోనో పూడ్చిపెట్టుకుంటాం. ఇక్కడ నాకు గడ్డి ఎవరిస్తారు?”

ఆ మాట నూకాలు చెవిన పడింది. వాళ్ళది తుమ్మపాల దగ్గర పల్లె, చెరకు రైతుల ఇల్లు. మరుసటి శుక్రవారం సాయంత్రం పెద్ద వెదురు బుట్ట నిండా చెరకు పిప్పి నింపుకుని వచ్చింది. హన్నా గారి భర్త అలసందలు, గోధుమ నూక, బంగాళాదుంపలు వేసి వండించిన కుండను పొగలు కక్కుతుండగానే తెచ్చాడు. ఆవిడ మంచి చేతిని పిప్పిలోకి దూర్చి, తల అడ్డంగా ఆడించింది.

“తడి. ఇది వద్దు.”

“ఏటమ్మగోరూ, ఇప్పుడే గానుగ కాడినించి తెచ్చేను. మంచిది కాదేటి?” అంది నూకాలు.

“తడిది తనకు తానే వేడెక్కుతుంది. అది కుండకి కొత్త వేడి ఇస్తుంది. పొడిది ఉన్న వేడిని కాపాడుతుంది. కాపాడొచ్చు, కొత్తది ఇవ్వకూడదు.”

నేను బుర్ర గోక్కున్నాను. నూకాలు మాత్రం చప్పట్లు కొట్టింది. “ఔను మరి! తడి పిప్పి కుప్పెత్తే రెండ్రోజులకి లోపల సెయ్యెట్టలేం, కాలిపోద్ది. దొరసానమ్మకి మా పిప్పి సంగతి తెలుసున్నాదే!” అంటూ పరిగెత్తి, పొద్దుగూకే లోపల ఎండిన పిప్పి తెచ్చింది. దీపాలు పెట్టే వేళ దాటితే కుండ పూడ్చడమూ కుదరదట. మర్నాడు మధ్యాహ్నం మూత తీస్తే ఆవిరి వచ్చింది. హన్నా గారు మా ఇద్దరికీ చెరో గరిటె పెట్టింది. ఉప్పు తక్కువే గాని, ఆ ముద్ద బాగుంది.

సోమవారం రౌండ్సుకి, అంటే రోగుల్ని వరసగా చూసే వేళకి, మా పెద్ద డాక్టరు గారు బుట్టను చూశారు.

“ఇది ఆసుపత్రా, బెల్లం గానుగా? తీసి పారెయ్యండి.”

“శుభ్రంగానే ఉందండీ. ఆవిడ వేడిగా తింటే మనకేం నష్టం?”

“ఎవరి ఆచారాలు వాళ్ళింట్లో. వార్డులో నా రూలే రూలు. మళ్ళీ కనబడితే నీ ఉద్యోగం ఉండదు.”

ఆ ఉద్యోగం మీద మా అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు బతుకుతున్నారు. భయం లేదంటే అబద్ధం. కానీ భయం కంటే కోపం ఎక్కువైంది. తీసెయ్యమన్నారు, తీశాను. దుప్పట్ల గదిలోకి తీశాను. ఎక్కడికి తియ్యాలో ఆయన చెప్పలేదుగా!

ఆ వచ్చిన శనివారం ఆయన విశాఖపట్నం వెళ్ళారు. మధ్యాహ్నం వంటమనిషి పొయ్యి ఆర్పి, వంటగదికి తాళం వేసి ఇంటికి పోయాడు. ఐదో మంచం మీది పైడితల్లికి ఎనిమిదో నెల. హఠాత్తుగా నొప్పులొచ్చి, చూస్తుండగానే కాన్పయిపోయింది. ఆడపిల్ల. ప్రీమెచ్యూర్ అంటాం, నెలలు నిండని బిడ్డ. అలాంటి బిడ్డకి సొంతంగా ఒంటి వేడి నిలవదు. పాదాలు చల్లబడి, పెదాలు నీలం తిరిగాయి. అటు తల్లికి రక్తం ఆగడం లేదు. నా రెండు చేతులూ ఆవిడ కడుపు మీదే ఉన్నాయి, తియ్యడానికి లేదు.

నూకాలు బిడ్డను రొమ్ముకి హత్తుకుంది. హన్నా గారు దుప్పట్ల గదిలోంచి బుట్టను ఒంటి చేత్తో ఈడ్చుకొచ్చి, ముందురోజు పూడ్చిన కుండ తీసి పక్కన పెట్టింది. పిప్పి గోరువెచ్చగా ఉంది. గుంటలో మెత్తటి బట్ట పరిచి బిడ్డను పడుకోబెట్టారు. అది చాలదు. హాట్ వాటర్ బాటిళ్ళు కావాలి, అంటే వేడినీళ్ళు పోసి పక్కన పెట్టే రబ్బరు సంచులు. నీళ్ళు కాచాలి.

“స్టవ్వు ఎక్కడ?” అందావిడ.

“బీరువాలో. తాళంచెవి డాక్టరు గారి దగ్గర.” కిరసనాయిలు కరువని ఆయన పెట్టిన రూలది. ఒక్క క్షణం ఆలోచించాను, ఒక్క క్షణమే. “పగలగొట్టండి!” అని అరిచాను.

మందులు నూరే ఇనప రోకలితో నూకాలు కొట్టిన మూడు దెబ్బలకు తాళం ఊడింది. కానీ పంపు స్టవ్వంటే దానికి హడలు, ఎప్పుడూ ముట్టుకోలేదు. హన్నా గారు అగ్గిపెట్టెను చంకలో బిగించి పుల్ల తీసింది. నూకాలు కేక పెట్టింది.

“అమ్మగోరూ, శనోరం! మీకు పాపం!”

“ఆ పాప బతకాలి. ఇప్పుడు ముట్టించకపోతేనే నాకు పాపం” అని ఆవిడ పుల్ల గీసింది. స్టవ్వుకి పంపు కొట్టి, నీళ్ళు పెట్టి, కాగే దాకా అక్కడే నిలబడింది. సంచులకు గుడ్డ చుట్టి బిడ్డకు రెండు పక్కలా పెట్టారు. సాయంత్రానికి తల్లికి రక్తం ఆగింది. బిడ్డ పెదాలు ఎర్రబడి, పిల్లికూనలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

సోమవారం డాక్టరు గారు విరిగిన తాళం చూశారు. తర్వాత బుట్ట చూశారు. ముఖం కందగడ్డయింది. నన్ను నిలబెట్టి వార్డంతా వినేలా తిట్టారు. హన్నా గారు మంచం దిగి వచ్చి నా పక్కన నిలబడింది.

“డాక్టరు గారూ, నా చారు కోసం నేను నిప్పు ముట్టించను. మూడు వేల ఏళ్ళుగా మావాళ్ళు ముట్టించలేదు. కానీ ప్రాణం పోతుంటే ముట్టించి తీరాలని ఆ ధర్మమే చెబుతుంది, ఎవర్నీ అడగక్కర్లేదంటుంది. మీ రూలులో అలాంటి మాట ఒకటి ఉందా?”

ఆయన బుట్ట దగ్గరికి నడిచారు. వంగి బిడ్డను చూశారు, పాదాలు పట్టి చూశారు. “ఇంకో బట్ట కప్పండి” అన్నారు. వెళ్తూ వెళ్తూ నాతో, “తాళానికి క్షమాపణ రాసివ్వు” అన్నారు.

రాయలేదు. సంజాయిషీ రాశాను. తాళం పగలగొట్టమన్నది నేనే, మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ పగలగొడతాను, అని రెండు వాక్యాలు. ఆ కాగితం పుణ్యమా అని ఆయన నాతో మాట్లాడటం మానేశారు. ఏడాది తిరక్కుండా నేనే మానేసి ఇంకో ఆసుపత్రి చూసుకున్నాను. పిల్ల మాత్రం అప్పటికి పాకుతోంది.

ఆ శనివారం దాకా రూలంటే నాకు తలవంచడమో, ఎదురుతిరగడమో, రెండే తెలుసు. రూలును ప్రాణంలా పాటించే మనిషే, దాన్ని ఎక్కడ పక్కన పెట్టాలో అందరికంటే ముందు ఎరిగి ఉంటుందని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. కొత్త ఆసుపత్రిలో చేరిన రోజు మేట్రన్ గారు నియమాల కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు.

“స్టవ్వు బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంటుందండీ?” అన్నాను.

“సూపరింటెండెంటు గారి దగ్గర.”

“అది నా కొంగున కట్టండి. అప్పుడు సంతకం పెడతాను.”